మువ్వగోపాలుణ్ని పిలిచే మగ గొంతు

మార్గళి నెలలో చెన్నై సభల్లో కచేరీ చివరి అరగంటకు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ అయిపోతాయి. తనియావర్తనం, అంటే మృదంగం విడిగా వాయించే ఘట్టం, మొదలుకాగానే కొందరు కాంటీన్ వైపు, కొందరు ఆఖరి బస్సు కోసం లేచి వెళ్తారు. పదం అనే శృంగార గీతం వచ్చేది ఆ తరువాతే. మైలాపూరులో అలాంటి ఒక రాత్రి ఒక గాయని క్షేత్రయ్య పదం ఎత్తుకున్నారు. పదం నడక చాలా నెమ్మది, ఒక్క మాట మీదే రాగం మొత్తం వచ్చి కూర్చుంటుంది. ఎక్కడో రాత్రి గడిపి తెల్లవారి ఇల్లు చేరిన ప్రియుణ్ని నాయిక నిలదీస్తోంది, ఒంటి మీద ఆ గోటి గుర్తులు ఎవరివని. ఆ హాల్లో తెలుగు తెలిసినవాళ్ళం పదిమందిమైనా ఉన్నామో లేదో. నా పక్కనున్న పెద్దాయన కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నారు. పాట అయ్యాక నా వైపు వంగి, "మీరు తెలుగువారు కదా, దీని అర్థం ఏమిటి?" అని తమిళంలో అడిగారు.

"జీవాత్మ పరమాత్మ కోసం పడే తపన సార్" అన్నాను.

ఆయన తృప్తిగా తల ఊపారు. నాకు మాత్రం ఇల్లు చేరేదాకా ఆ జవాబు గొంతులో ముల్లులా ఉండిపోయింది. నేను గే. ఒక మగవాడి కోసం ఎదురుచూడటం, అలగడం, వాడు రాలేదని దీపం తగ్గించి పడుకోవడం వంటివన్నీ నా సొంత భాషలో నాకు మొదట వినిపించింది ఈ పదాల్లోనే. అలాంటిది, అర్థం చెప్పవలసి వచ్చేసరికి, వినేవారికి ఇబ్బంది కలగని మాట వెతుక్కుని చెప్పేశాను.

మన సంప్రదాయంలో క్వియర్ సంస్కృతి, అంటే మామూలు ఆడ మగ చట్రంలో ఇమడనివాళ్ళ సంస్కృతి, ఉందా అని ఎవరైనా అడిగితే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. క్షేత్రయ్య ఆడగొంతుతో పాడాడు, కూచిపూడిలో మగవాళ్ళు సత్యభామ వేషం కట్టారు, కాబట్టి ఎప్పటినుంచో ఉంది అంటారు ఒకరు. అదంతా భక్తి, మీ గొడవలు దానికి అంటగట్టకండి అంటారు మరొకరు. నేను చాలా ఏళ్ళు మొదటి జవాబునే పట్టుకుని తిరిగాను. ఇప్పుడు నాకు రెండూ చాలవు. వేర్వేరు దారాలు కొన్ని ఇక్కడ ఒకే ముడిలో పడ్డాయి. కవి తెచ్చుకున్న ఆడగొంతు వేరు, నటుడు కట్టిన ఆడవేషం వేరు. స్త్రీగానే బతికే ట్రాన్స్ మహిళల జీవితం వేరు, మగవాణ్ని ప్రేమించే నావంటి మగవాడి జీవితం వేరు. వీటిని విడదీసి చూస్తే తప్ప ఎవరికి ఏది చెందుతుందో తెలియదు.

ముందు గొంతు సంగతి. క్షేత్రయ్య పదిహేడో శతాబ్దపు కవి, కృష్ణా జిల్లా మొవ్వ ఆయన ఊరు. తంజావూరు విజయరాఘవ నాయకుడి ఆస్థానం దాకా ఆయన పదాలు వెళ్ళాయి. పదాల్లో ఎక్కువగా వినిపించే పేరు మువ్వగోపాలుడు, అంటే ఆ ఊరి కృష్ణుడు. రాసింది మగవాడే అయినా మాట్లాడేది ఎక్కువగా ఆడది, వినేది ఆమె సఖి. అంతకు రెండు శతాబ్దాల ముందే అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో ఈ పని చేశాడు. తమిళంలో ఆళ్వార్లనే వైష్ణవ భక్తకవుల దగ్గర ఇది ఇంకా ముందే ఉంది. నమ్మాళ్వారు తనను పరాంకుశ నాయకిగా, తిరుమంగై ఆళ్వారు పరకాల నాయకిగా భావించుకుని విష్ణువు కోసం విలపించారు. దేవుడొక్కడే పురుషుడు, మిగిలిన జీవులంతా స్త్రీలే అన్నది వైష్ణవుల భావన.

ఆళ్వార్ల విషయంలో ఆ వివరణ నిలుస్తుంది. క్షేత్రయ్య దగ్గర నిలవదు. ఆయన పదాల్లో నాయిక చాలాచోట్ల వేశ్య. విటుడు తెచ్చిన సొమ్ము లెక్క అడుగుతుంది, ముందు వచ్చినవాడి సంగతి మాట్లాడుతుంది, ఇంట్లో పెద్దామె మాటకు జంకుతుంది. ఏ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1994లో ఈ పదాలను ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు దేవుడే విటుడై వస్తే ఎలా ఉంటుందన్న అర్థంలో పుస్తకానికి పేరు పెట్టారు. దేవుడు ఇక్కడ సొమ్ము చెల్లించి వచ్చే మనిషి. అలాంటి పాటకు జీవాత్మ పరమాత్మ అని అర్థం చెబితే ఆ వేశ్యను ఇంట్లోంచి వెళ్ళగొట్టి తలుపు వేసినట్టే. ఆ రాత్రి నేను చేసింది అదే.

అయితే, ఆడగొంతుతో పాడాడు కాబట్టి క్షేత్రయ్య నావంటివాడే అనడానికీ వీల్లేదు. నాయిక గొంతుతో రాయడం అప్పటి కవులందరికీ తెలిసిన పద్ధతి. ఆ పద్ధతి కవి ఎవరిని ప్రేమించాడో చెప్పదు. మూడున్నర శతాబ్దాల కిందటి మనిషికి నా పేరు తగిలించి, ఆయన నీడలో నిలబడి నేను న్యాయం అడగనవసరం లేదు. ఆయన నాకు ఇచ్చింది వేరే ఉంది.

నా చిన్నతనం సూళ్ళూరుపేటలో గడిచింది. రేడియోలో యుగళగీతం వస్తే ఇంట్లో మగపిల్లలంతా ఘంటసాల వంతు అందుకునేవాళ్ళు. నేను సుశీల వంతు పాడేవాణ్ని. బడిలో ఒక పండుగ రోజున అలాగే పాడితే, సంగీతం చెప్పే ఆయన మధ్యలో ఆపి, మగపిల్లాడివి, మగవంతు పాడు అన్నారు. పదేళ్ళ వయసులో అది ఎందుకు తప్పయిందో అర్థం కాలేదు. ఇప్పుడు చెప్పగలను. నేను కోరింది ఆడపిల్లగా మారడం కాదు. మగవాణ్ని చూసి మురిసే మాట పాటలో ఎవరి వంతులో ఉంటే ఆ వంతు నాకు కావాలి. అది ఎప్పుడూ సుశీల వంతులోనో జానకి వంతులోనో ఉండేది. ఏ దేశంలో చూసినా గే మగవాళ్ళకు గొప్ప గాయనుల మీద అంత ప్రాణం ఎందుకని చాలామంది అడుగుతారు. కారణాలు చాలా ఉండవచ్చు కానీ నాకు తెలిసిన కారణం ఇది.

ఇందులో తెలుగు చేసిన ఒక మేలు ఉంది. వచ్చాను, చూశాను, కోరుకున్నాను అన్నప్పుడు ఆ నేను ఆడో మగో మన క్రియ చెప్పదు. హిందీలో ఆ మాట అనబోతే చాలావరకు క్రియ దగ్గరే తేలిపోతుంది. మనకు వాడు, ఆమె అన్నప్పుడే లింగం బయటపడుతుంది తప్ప, నేను దగ్గర తలుపు తీసే ఉంటుంది. నాయిక చెప్పే వాక్యాల్లో చాలావాటిని ఒక్క అక్షరమూ మార్చకుండా నా నోట పలకగలను. చెలియా అన్న పిలుపు, చిన్నదాన అన్నట్టి మాటలు వచ్చిన చోట మాత్రమే ఆగవలసి వస్తుంది. ఆ ఆగడం గురించి చివర చెబుతాను.

ఇక వేషం. మన పత్రికలు ఈ విషయం ఎప్పుడు రాసినా కూచిపూడి స్త్రీవేషంతోనే మొదలుపెడతాయి. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను నేను పాత వీడియోలోనే చూశాను. కృష్ణుడికి ఉత్తరం రాసే ఘట్టంలో ఆయన చేతివేళ్ళు ముందు వణుకుతాయి, తరువాత ఆ వణుకు గర్వంగా మారుతుంది, ఆపైన కన్ను పక్కకు జారుతుంది. అప్పటికి ఆయన వయసు మళ్ళినవారు. ఆ ఒక్క ఘట్టం నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. నాటకరంగంలో స్థానం నరసింహారావు గారి పేరూ అలాగే నిలిచింది. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా ఆయన పాడిన "మీరజాలగలడా" తరువాత సినిమాలో సుశీల గొంతుకు వచ్చింది. మగవాడి ఆడవేషం నుంచి ఆడగొంతుకు, అక్కడినుంచి మాబోటి మగపిల్లల గొంతుకు ఆ పాట చేసిన ప్రయాణం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంతగా మెచ్చిన ఊళ్ళే, వేషం లేని నావంటివాణ్ని ఎందుకు ఒప్పుకోలేకపోయాయి అన్న ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. జవాబు ఆ కళ నడిచిన తీరులోనే ఉంది. జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కడతామని సిద్ధేంద్రయోగి తమ పూర్వీకుల చేత మాట తీసుకున్నాడని కూచిపూడి కుటుంబాలు చెప్పుకుంటాయి. అంటే స్త్రీవేషం అక్కడ కట్టుబాటును దాటడం కాదు, కట్టుబాటే. కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళకు వారసత్వంగా దక్కిన గౌరవం అది. సత్య తెర మీదుగా జడ వేసి సవాలు విసిరేది కూడా ఆ గౌరవం ఇచ్చిన ధైర్యంతోనే. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు మాత్రం చాలాకాలం వేదిక ఎక్కలేదు. ఈ వేషం మగవాడి అధికారాన్ని తగ్గించకపోగా ఎలా నిలబెట్టిందో హర్షిత కామత్ 2019లో అచ్చయిన తన పరిశోధనలో చూపించారు. అది చదివిన రోజు నాకు కోపం వచ్చింది, నా చేతిలోంచి ఏదో లాక్కున్నట్టు. తరువాత ఆమె చెప్పింది నిజమని ఒప్పుకున్నాను. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ స్థాపించి ఆడపిల్లలకు నేర్పిన తరువాత సత్యభామ క్రమంగా ఆడవాళ్ళ పాత్ర అయింది. ఒక మగకళ పోయిందని బాధపడేవాళ్ళు ఉన్నారు. ఆ వేదిక మీదికి రావడానికి ఆడవాళ్ళు ఎంతకాలం ఆగవలసి వచ్చిందో వాళ్ళు లెక్క వేయరు.

బెంగళూరులోనూ చెన్నైలోనూ ఇప్పుడు కుర్రవాళ్ళు ఆడవేషం కట్టి ప్రదర్శిస్తున్న డ్రాగ్‌ను స్త్రీవేషానికి వారసత్వంగా చెప్పడం కూడా నాకు తొందరపాటుగానే తోస్తుంది. స్త్రీవేషంలో మగవాడు ఎంతగా మాయమైతే అంత మెప్పు. డ్రాగ్‌లో అతను మాయం కాకూడదు. పెద్ద కనురెప్పల వెనుక, మెరిసే గౌను వెనుక ఒక మనిషి నిలబడి ఆడతనం, మగతనం అని మీరు దేన్ని అంటారో చూడండి అని అడుగుతుంటాడు. అన్నట్టు, స్త్రీవేషధారుల సొంత జీవితాల గురించి గుసగుసలాడే అలవాటు నాకు నచ్చదు. వాళ్ళు వేదిక మీద ఇచ్చినదే ఎంతో ఉంది.

ట్రాన్స్ మహిళల సంగతి దీనికీ దానికీ చెందదు. తమిళనాడులోని కూవాగంలో చిత్తిరై నెలలో అక్కడి దేవుడు అరవాన్‌కు భార్యలై తాళి కట్టించుకుని మర్నాడు ఆ తాళి తెంపుకుని ఏడ్చే ట్రాన్స్ మహిళలు, తమిళంలో తిరునంగైలు, వేషం కట్టినవాళ్ళు కారు. వాళ్ళు స్త్రీలు. 2014లో సుప్రీంకోర్టు వాళ్ళ గుర్తింపును హక్కుగా ఒప్పుకుంది. తమిళనాడు అంతకుముందే, 2008లో, సంక్షేమ బోర్డు పెట్టింది. వాళ్ళ పోరాటం ముందు నడవబట్టే నావంటివాళ్ళకు దారి కాస్త తేలికైంది. ఆ అప్పు ఉంది కదా అని వాళ్ళ కథను నా కథలో కలిపేసుకోవడం తప్పు.

మరి నాకు చెందేది ఏది? దాన్ని నేను ఆడవేషం కట్టిన మగవాళ్ళ దగ్గర వెతికాను. అది పదాలు దాచిన ఆడవాళ్ళ దగ్గర ఉంది.

మద్రాసు జార్జిటౌన్‌లో వీణ ధనమ్మాళ్ ఇల్లు ఉండేది. 1867లో పుట్టి 1938లో పోయిన ఆమె శుక్రవారం సాయంత్రాలు ఇంట్లో వీణ వాయిస్తుంటే మద్రాసులోని పెద్ద విద్వాంసులు చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చునేవారట. క్షేత్రయ్య పదాలు ఈ రోజు మనకు ఇంత నిండుగా దొరుకుతున్నాయంటే ఆ ఇంటి ఆడవాళ్ళే ముఖ్య కారణం. మనవరాళ్ళు బృంద, ముక్త పాడారు, ఇంకో మనవరాలు, నర్తకి బాలసరస్వతి అభినయించింది. దేవదాసీ కుటుంబం వారిది. ఇంటి భాష తమిళం, కాపాడింది తెలుగు పదం.

బయట లోకం ఆ పదాలను చూసి సిగ్గుపడుతున్న కాలం అది. 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ చేర్చి నావంటివాళ్ళ ప్రేమను నేరం చేసిన పాలనే, యాభై ఏళ్ళ తరువాత ఒక తెలుగు కావ్యాన్ని బూతు అని నిషేధించింది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం అది. రాధ కోరిక రాధ వైపునుంచే చెప్పిన కావ్యం. ముద్దుపళని తన ఇంటి ఆడవాళ్ళ పేర్లతోనే తన వంశం చెప్పుకుంది. అంతకుముందు అచ్చయిన ప్రతిలో పద్యాలు లోపించాయని గమనించి, తాళపత్ర ప్రతి సంపాదించి, 1910లో వావిళ్ళ వారి ద్వారా పూర్తి పాఠం తెచ్చింది దేవదాసీ గాయని బెంగళూరు నాగరత్నమ్మ. కందుకూరి వీరేశలింగం గారు ఆ కావ్యాన్ని తప్పుపట్టారు. మగకవులు ఇంతకన్నా పచ్చిగా రాసినవి గౌరవంగా చదువుకుంటున్నప్పుడు, సిగ్గు ఆడవాళ్ళకు మాత్రమే ఉండాలా అని నాగరత్నమ్మ ఎదురు అడిగింది. 1911లో పుస్తకాన్ని నిషేధించారు. టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం పోలేదు. తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది కూడా ఈ నాగరత్నమ్మే. భక్తి ఒక గదిలో, శృంగారం ఇంకో గదిలో పెట్టి తాళం వేయాలన్న ఆలోచన ఆమెకు లేదు.

దేవదాసీ సమర్పణను ఆపిన 1947 నాటి మద్రాసు చట్టం వెనుక ఉన్న బాధ నిజమైనదే. చిన్నపిల్లల జీవితాలు అందులో నలిగాయి, ముత్తులక్ష్మీ రెడ్డి గారు ఊరికే పోరాడలేదు. అయితే ఆ ఊపులోనే ఆ కుటుంబాల కళ వాళ్ళ చేతుల్లోంచి జారింది. ఆ కళను పెద్దింటి పిల్లలు నేర్చుకోవడానికి తగినట్టు శృంగారాన్ని పలచన చేయాలన్నారు. బాలసరస్వతి ఒప్పుకోలేదు. 1975లో మద్రాసులో తమిళ ఇసై సంఘం వేదిక మీద మాట్లాడుతూ, శృంగారమే మేటి భావమని, భరతనాట్యంలో కొత్తగా శుద్ధి చేయవలసినది ఏదీ లేదని ఆమె అన్నారు. ఆమె కూడా దాన్ని దేహవాంఛగా చూడలేదు. కడిగేయవలసిన మురికిగా అసలే చూడలేదు.

ఏ కోరిక గౌరవమైనది, ఏ కోరిక కాదు అని గీత గీసినవాళ్ళు ఆ స్త్రీలకూ నాకూ ఒక్కరే. నాకు వాళ్ళతో ఉన్న బంధుత్వం అది. ఆడగొంతు నాకు ఇష్టం కాబట్టి పుట్టిన బంధుత్వం కాదు.

అరువు గొంతు అక్కర లేకుండా సొంత గొంతుతో మాట్లాడినవాళ్ళు మన దేశంలో ఆలస్యంగా వచ్చారు. చిత్రకళలో భూపేన్ ఖఖ్ఖర్‌ను చెప్పుకోవాలి. బరోడాలో లెక్కలు చూసే ఉద్యోగం చేస్తూ బొమ్మలు వేసిన మనిషి. 1981 నాటి ఆయన చిత్రంలో ఒక మనిషి బట్టల్లేకుండా మేడ మీద నిలబడి వీధిలోకి చూస్తుంటాడు. కింద తండ్రీ కొడుకూ గాడిదను తోలుకుని పోతుంటారు, ఎవరి మాట విన్నా తప్పే అయ్యే ఆ కథ మనందరికీ తెలిసిందే. ఆ మేడ మీది మనిషికి ఏ వేషమూ లేదు. నేను ఆ బొమ్మను అచ్చు ప్రతిలోనే చూశాను, చాలాసేపు ఆ నిలబడిన మనిషి వీపునే చూస్తూ ఉండిపోయాను. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 కింద వయసొచ్చినవాళ్ళ ఇష్టపూర్వక సంబంధం నేరం కాదన్న కేసు నవ్‌తేజ్ సింగ్ జోహర్ పేరు మీద ఉంది. ఆయన భరతనాట్యం కళాకారుడు. బాలసరస్వతి కడిగేయనివ్వని ఆ శృంగారాన్ని అభినయించే కళ నుంచే ఆ పేరు కోర్టు తలుపు తట్టిందని నేను గర్వంగా చెప్పుకుంటాను. పెళ్ళి హక్కు మాత్రం 2023 అక్టోబరులో అదే కోర్టు ఇవ్వలేదు.

మాట కూడా సొంతం కావాలి. 2021లో మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఇద్దరు అమ్మాయిల కేసు విచారిస్తూ, తనకు ఈ విషయం సరిగా తెలియదని ఒప్పుకుని, మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని తెలుసుకుని తీర్పు రాశారు. ఆయన ఆదేశాలతోనే తమిళంలో గౌరవమైన పదకోశం ఒకటి తయారైంది. అందులో నావంటివారి గురించి చెప్పే మాటలో ఈర్పు ఉంది, అంటే ఆకర్షణ. మన పత్రికలు ఈనాటికీ ఎక్కువగా స్వలింగ సంపర్కులు అనే రాస్తాయి. ఒక మనిషి ఎదురుచూపును, అలకను, పాటను, కలిసి వండుకున్న అన్నాన్ని సంపర్కం అన్న ఒక్క మాటలోకి కుదించడం అది. ప్రేమలో ఉన్న ఆడదాని ఎనిమిది స్థితులను లెక్కపెట్టి ఒక్కొక్క నాయికకూ పేరు పెట్టుకున్న భాషకు నాకొక మంచి మాట పెట్టడం కష్టం కాదు.

మూడేళ్ళుగా మందవెల్లిలో ఒక మామీ దగ్గర పదాలు నేర్చుకుంటున్నాను. అంతకుముందు వెళ్ళిన ఒకాయన, మగవాళ్ళు పదం పాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది, కీర్తనలు నేర్చుకో అన్నారు. మామీ నా గురించి అంతా తెలిసి చేర్చుకున్నారు. మొన్న ఒక పదంలో నాయిక తనను చిన్నదాన అని చెప్పుకునే చోటు వచ్చింది. నేను ఆగాను. మామీ నా ఇబ్బంది గమనించి, నీకు కావాలంటే చిన్నవాడ అని పాడుకో, తాళానికి తేడా రాదు అన్నారు. నిజమే. దాన, వాడ రెండూ ఒకే తూకం, ఒక దీర్ఘం, ఒక హ్రస్వం. పాడి చూశాను. ఎక్కడా తట్టుకోలేదు, పదం చక్కగా నా ఒంటికి పట్టింది.

"దాన అనే ఉంచుదాం మామీ" అన్నాను.

జార్జిటౌన్ ఇంట్లో, అంతకు ముందు తంజావూరులో, ఆ దా మీద ఊపిరి నిలిపిన గొంతులన్నీ ఆడవాళ్ళవి. ఆ మాట మారిస్తే నాకు హాయిగా ఉంటుంది, వాళ్ళు మాత్రం అందులోంచి వెళ్ళిపోతారు. మామీ శ్రుతిపెట్టె సరిచేసి, దా దగ్గర నీ గమకం పొట్టిగా ఉంది, ఇంకా నిలపాలి అంటూ అనుపల్లవి మళ్ళీ మొదలుపెట్టారు.